పురిటింట పెంపుడు కుక్క

ఇంట బిడ్డ పుట్టబోవుచున్నదని తెలిసినది మొదలు మన పెద్దలు చేయు సన్నాహములకు మితము లేదు. పాత నూలుచీరలు ఉదికి ఆరవేసి పొత్తిగుడ్డలుగా చింపుదురు. వసకొమ్ము, వాము, సాంబ్రాణి సమకూర్తురు. అటుకమీది ఉయ్యాలను దింపి దాని త్రాళ్లు గట్టివో కావో లాగి చూతురు. పురిటిగదికి సున్నము కొట్టింతురు. ఇంటిలో పెద్దబిడ్డ యున్నయెడల “నీకు తమ్ముడో చెల్లెలో రాబోవుచున్నది” అని ముద్దుగా చెప్పి వాని మనస్సును కూడ సిద్ధపఱతురు. ఇందఱిని తలచు మనము గడపకడ పండుకొనియున్న యొక ప్రాణిని మాత్రము తలపము. అది మన యింటి కుక్క. ఒకనాడు హఠాత్తుగ దాని చోటు పోవును, తిండివేళ తప్పును, యజమానురాలి పలకరింపు పోవును. ఎందులకో దానికి తెలియదు. తెలియక అది మొఱిగినను, మూలిగినను “కుక్కకు అసూయ పుట్టినది, బిడ్డను కఱచును” అని కఱ్ఱ చేతబట్టుదుము.

ఈ విషయమై నేను వ్రాయ బూనుటకు కారణము నేను చేసిన యొక తప్పును, దానివలన నేర్చుకొనిన పాఠమును. రెంటిని దాచక చెప్పినచో సోదరీమణులకు కొంత మేలు కలుగునని నమ్మి చెప్పుచున్నాను.

నేను సోమలకు కాపురమునకు వచ్చిన యేట మా మామగారు ఒక కుక్కకూనను తెచ్చి దానికి రాజు అని పేరు పెట్టిరి. దానికి రెండు పూటల తిండి నా చేతనే. రాగిసంగటి మజ్జిగలో పిసికి కొట్టమువాకిట మట్టిచిప్పలో పెట్టుచుంటిని. మా యింటివారు బడికి పోయినపిమ్మట నేను వసారాలో కూర్చుండి చదువుకొనుచున్నంతసేపు అది నా పాదములకడనే పడియుండెడిది. తొలికాన్పు గనుక ఏడవ నెలలో నన్ను పుట్టింటికి తీసికొనిపోయిరి. బిడ్డకు ఐదవ నెల నడుచుచుండగా మరలి వచ్చితిని. ఇంచుమించు ఎనిమిది నెలలు ఆ కుక్క నన్ను చూడలేదు. నేను ఆటో దిగి వాకిట కాలు మోపగానే అది సంతోషము పట్టజాలక పరుగెత్తివచ్చి నా మీదికి ఎగిరెను. నా చంకనున్న బిడ్డ బెదరి గుక్కపట్టి యేడ్చెను. చుట్టునున్నవారు తలకొక దెబ్బ వేసిరి. నేనును “ఛీ, పో” అని కాలితో త్రోసితిని. ఆనాటినుండి దానిని కొట్టములో గొలుసుతో కట్టివేసితిమి.

పిల్లవాడు పాకనేర్చిన దినములలో ఒక సాయంకాలము రాజు సంగటి తినుచుండగా వాడు ఎవరి కంటను బడక కొట్టమువైపు పోయి ఆ చిప్పలో చేయి పెట్టెను. రాజు కదలలేదు. వంచిన తల వంచినట్లే యుంచి గుఱ్ఱుమనెను. కఱవలేదు, కోఱయైనను తగులనీయలేదు. నేను పరుగునబోయి బిడ్డను ఎత్తుకొంటిని. ఆ రాత్రియే దానిని మదనపల్లెకు పోవు టమోటాల లారీలో ఎక్కించి త్రోవలో ఎచ్చటనైన దింపివేయుమని పంపిరి. వలదని నేనొక మాటయైనను అనలేదు. పసిబిడ్డ తల్లిని గదా, భయమే ధర్మమని నాకప్పుడు తోచెను. రాజు తిరిగి రాలేదు.

కొంతకాలమునకు నన్నయభట్టారకుని ఆదిపర్వము మరల చదువుచు సరమ కథకడ ఆగిపోయితిని. చిన్ననాట మా నాయనగారు చెప్పగా నేర్చుకొనిన కథయే. సరమ దేవతల కుక్క. దాని కొడుకు ఆడుకొనుచు జనమేజయుడు యాగము చేయు చోటికి పోగా రాజుగారి తమ్ములు దానిని నిష్కారణముగ కొట్టుదురు. అది యేడ్చుచు తల్లికి చెప్పుకొనును. సరమ వచ్చి ఆ రాజునే మందలించి, ఇట్టి పని చేసినవారిని తెలియని భయములు వెన్నాడునని చెప్పి పోవును. భారతకథ మొదటనే ఒక కుక్కకు జరిగిన యన్యాయము చెప్పబడినది. చివర మహాప్రస్థానమున తన్ను నమ్మి వెంటవచ్చిన కుక్కను విడిచి స్వర్గమునకైనను రానని ధర్మరాజు నిలిచినాడు. ఈ రెండు కథలును ఎఱిగియుండి నేను లారీ వెడలిపోవుచుండగా చూచుచు నిలువబడితిని.

పంచతంత్రములోని ముంగిస కథను మనలో ఎఱుగనివారుండరు. తల్లి నీటికి పోవును; తండ్రియు ఇల్లు విడిచి పోవును; ఉయ్యాలకడ పెంపుడు ముంగిస యుండును. పాము రాగా అది దానిని చంపి నెత్తురు మూతితో తల్లికెదురు వచ్చును. బిడ్డనే చంపినదని తలచి ఆమె నీళ్లకుండ దానిమీద వేసి చంపును. ఇట్టి కథలు దూరదేశములందును గలవు. వేల్సు దేశములో బెడ్‌గెలర్ట్ అను గ్రామమున, తోడేలునుండి బిడ్డను కాచి యజమానుని కత్తికి బలియైన గెలర్ట్ అను వేటకుక్క సమాధి యని యొక చోటును నేటికిని చూపుదురు. ఫ్రాన్సు దేశములో లియాన్ నగర ప్రాంతమున, బిడ్డను పామునుండి రక్షించి నిష్కారణముగ చంపబడిన గినిఫర్ అను కుక్క సమాధికి 13వ శతాబ్దమున తల్లులు జబ్బుపడిన పసిపిల్లలను తీసికొని పోయి మ్రొక్కుకొనెడివారు.

విచారింపక పనిచేయరాదని ఈ కథలకు నీతి చెప్పుదురు. అది నిజమే. కాని ఇద్దఱు బిడ్డల తల్లినైన తరువాత నాకు మఱియొక నీతి కనబడినది. మాటలురాని శిశువును, మాటలురాని జంతువును ఒక్క గదిలో విడిచిపోయినవారెవరు? పెద్దలే. తప్పు అక్కడనే జరిగినది; ముంగిస చచ్చుట దాని ఫలము. మా రాజు విషయములోను అంతియే. దానికి ముందుగ నేర్పకపోవుట మొదటి తప్పు. బిడ్డను దాని చిప్పదాక పోనిచ్చుట రెండవ తప్పు. రెండును మావే. శిక్ష మాత్రము దానిది.

మూడేండ్ల క్రిందట మా ఆడబిడ్డ పురిటికి పుట్టింటికి, అనగా మా యింటికి వచ్చినది. అప్పటికి మా యింట మణి యను మఱియొక కుక్క పెరుగుచుండెను. మా అత్తగారు మొదటి దినముననే “ఒకసారి పడిన భయము చాలదా? బిడ్డ ఇల్లు చేరులోపల దీనినికూడ ఎక్కడనైన వదలి రండి” అనిరి. “అత్తయ్యా, ఇంకను రెండు నెలల వ్యవధి యున్నది. అప్పుడు నేర్పకయే శిక్షించితిమి. ఈసారి నేర్పి చూతము. బిడ్డ వచ్చిన పక్షము దినములకు మీ భయము తీరనియెడల దానికొక మంచి యిల్లు చూచి యిత్తము” అంటిని. “నీ పూచీ, నీ యిష్టము” అని ఆమె అర్ధాంగీకారముగ ఊరకుండిరి. పశువైద్యుని అడిగి తెలిసికొనినదియు, పుస్తకములలో చదివినదియు, చేసి చూచినదియు కలిపి ఇచ్చట వ్రాయుచున్నాను.

మొదటి సూత్రము: బిడ్డ వచ్చిన తరువాత చేయవలసిన మార్పులను బిడ్డ రాకమునుపే చేయవలెను. కుక్క గదిలో పండుకొనుటకు అలవాటుపడి యుండవచ్చును. బిడ్డ వచ్చిన దినముననే దానిని వెలుపలికి త్రోసినచో ఈ క్రొత్త వాసనగల ముద్దవలననే తన చోటు పోయినదని అది గ్రహించును. రెండు నెలలు ముందుగ ఆ చోటు మార్చి, క్రొత్తచోట పాత గోనెపట్ట పఱచి, అచ్చటనే తిండి పెట్టుచు వచ్చినచో ఆ నష్టమును అది బిడ్డకు అంటగట్టదు. మణిని మేము ఈ విధముగ వసారానుండి కొట్టము ప్రక్కనున్న పంచకు మార్చితిమి. అట్లే తిండి పెట్టు చేయియు మార్చవలెను. గర్భిణి చేతినే నమ్మియుండు కుక్కకు ఇంటివారిలో మఱియొకరు తిండి పెట్టి, త్రిప్పి తెచ్చుట అలవాటు చేయవలెను.

రెండవది మాట నేర్పుట. “కూర్చో”, “ఆగు”, “చాలు” అను మూడు మాటలు చాలును. సంగటి చిప్ప చేతబట్టుకొని “కూర్చో” యని, కూర్చున్న పిమ్మటనే క్రింద పెట్టవలెను. దినమునకు రెండుసార్లు ఇట్లు చేయగా ఒక మాసములో చిప్ప లేకున్నను మాటకు కూర్చుండును. మీదికి ఎగురు కుక్కకు ఇది ముఖ్యము. ఎగిరినప్పుడు తిట్టుటయు కొట్టుటయు దానికి ఆటగనో భయముగనో తోచును. మాటాడక వెనుదిరిగి నిలిచి, నాలుగు కాళ్లును నేలనాననిచ్చి, అప్పుడు ప్రేమతో తల నిమిరినచో ఎగురుటవలన లాభము లేదని తానే తెలిసికొనును.

మూడవది చప్పుళ్లును వాసనలును. కుక్క లోకము ముక్కులోను చెవిలోను ఉన్నది. శిశువు ఏడుపు దానికి వింతయైన కీచుధ్వని. పైనుండి వ్రేలాడుచు ఊగు ఉయ్యాల వేటవలె కదలును. మేము నెలముందే ఉయ్యాల కట్టి, అందులో దిండు పెట్టి ఊపుచు, మణిని దూరముగ కూర్చుండబెట్టి రొట్టెముక్కలు ఇచ్చుచుంటిమి. మా యింటివారు తన సెల్‌ఫోనులో పసిపిల్లల యేడుపును మొదట మెల్లగను, దినదినమునకు కొంచెము హెచ్చుగను వినిపించిరి. సాంబ్రాణి పొగకు కూడ అదివరకే అలవాటు చేసితిమి. నవ్వువారు నవ్విరి గాని పదిదినములకు మణి ఆ యేడుపు విని చెవి కదలించి మరల పండుకొనసాగెను.

ఆసుపత్రిలో బిడ్డ పుట్టిన మఱునాడు మా యింటివారు బిడ్డకు చుట్టిన పొత్తిగుడ్డ నొకదానిని ఇంటికి తెచ్చిరి. దానిని కుక్క మూతికి అదుమరాదు. దాని పండుకొను చోటికి నాలుగడుగుల దూరమున పెట్టి తానే వచ్చి మూచూచునట్లు విడువవలెను. మూచూచి శాంతముగ నున్నప్పుడు ఏదైన తినుటకు ఈయవలెను. బిడ్డ ఇల్లు చేరునప్పటికి ఆ వాసన దానికి పాతదై యుండును.

ఇచ్చట మన ఆచారమునుగూర్చి యొక మాట చెప్పవలెను. తొలికాన్పునకు పుట్టింటికి పోయి మూడవ నెలనో ఐదవ నెలనో అత్తింటికి వచ్చుట మనలో వాడుక. ఇతర దేశముల పుస్తకములు బిడ్డ మూడవదినమున ఇల్లు చేరునని వ్రాయును. అత్తింటి కుక్క విషయమట్లు గాదు. అది అయిదాఱు నెలలు యజమానురాలిని చూడక, ఆమె వచ్చినప్పుడు చంకలో పరప్రాణిని చూచును. అట్టి యిండ్లలో బారసాలకు పోయిన తండ్రి మరలునప్పుడు బిడ్డగుడ్డ నొకదానిని వెంట దెచ్చుట మంచిది. తరువాత పోయినపుడెల్ల అట్లే చేయవచ్చును. నేను రాజుకడకు వచ్చిన దినమున ఈపాటి ఉపాయము ఎవరికిని తోచలేదు.

ఇల్లు చేరు దినమున తల్లి చేతిలో బిడ్డ ఉండరాదు. బిడ్డను మఱియొకరికిచ్చి వాకిట నిలిపి, తల్లి ముందుగ లోనికి పోయి కుక్కను పలకరింపవలెను. దాని సంతోషపు ఉద్రేకము తగ్గనిచ్చి, ఒకరు గొలుసు పట్టుకొనగా అప్పుడు బిడ్డను తేవలెను. హారతి సందడి, చుట్టముల కేకలు అయిన తరువాతనే ఈ పరిచయము జరుగవలెను. మొదటి దినమున దూరమునుండి చూచుటయే చాలును. ముఖమును నాకుటకు ఏనాడును విడువరాదు.

తరువాతి దినములలో మనము సాధారణముగ చేయు పొరపాటు ఒకటి కలదు. బిడ్డ మేలుకొనియున్నంతసేపు కుక్కను “పో, పో” యని తఱిమి, బిడ్డ నిద్రించినపిమ్మట జాలిపడి దానిని పిలిచి ముద్దుచేయుదుము. దీనివలన అది నేర్చుకొను పాఠమేమి? బిడ్డ కన్ను తెఱచిన తనకు కష్టము, మూసిన సుఖము. ఇది తలక్రిందులు గావలెను. బిడ్డకు పాలిచ్చునపుడు, ఉయ్యాల ఊపునపుడు దూరముగ కూర్చున్న కుక్కను పేరుబెట్టి పిలువుడు. ఒక ముక్క విసరుడు. బిడ్డ నిద్రించునపుడు దానిని ఊరక పండుకొననిండు. అప్పుడు బిడ్డ రాకయే దానికి మేలుగ తోచును.

మణి విషయములో అన్నియు సాఫీగ జరిగెనని చెప్పను. బిడ్డ ఇల్లు చేరిన మూడవ రాత్రి అది మోరయెత్తి ఊళపెట్టెను. ప్రక్కింటి పెద్దమ్మ గోడమీదుగా “పురిటింట కుక్క ఏడ్చుట మంచిది కాదమ్మా” అనెను. మా అత్తగారు లేచి వచ్చిరి. “ఇంక వినను, తెల్లవారగానే పంపివేయుడు” అని దీపము వేసి పంచలోనికి పోయిరి. నేనును వెంట పోతిని. మణి చిప్ప ఎండి యుండెను. ఆనాడు ఇంటినిండ చుట్టములు. ఆ సందడిలో దానికి సంగటి పెట్టుట అందఱమును మఱచితిమి. అత్తగారు ఆ చిప్పవంక కొంతసేపు చూచిరి. ఏమియు అనక లోనికి పోయి మిగిలిన సంగటి మజ్జిగలో కలిపి తెచ్చి తామే పెట్టిరి. మణి తిని పండుకొనెను. మఱునాడు దానిని పంపు మాట ఎవరును ఎత్తలేదు. కుక్క యేడుపునకు అపశకునమే అర్థమనుకొనక ముందుగ ఆకలి, దప్పిక, జబ్బు, ఒంటరితనము విచారింపవలెనని ఆ రాత్రి తెలిసినది.

కుక్క కఱచుటకు పూర్వము చాలసార్లు తెలియజేయును. మనకు చదువ రాదు. నిద్ర లేకయే ఆవులించుట, ఊరక మూతి నాకుకొనుట, బిడ్డవైపునుండి తల త్రిప్పుట, కంటితెలుపు కనబడునట్లు ఓరగ చూచుట, తోక కాళ్లనడుమ ముడుచుట, ఒడలు కొయ్యవలె బిగించుట, ఇవి “నాకు కష్టముగ నున్నది” అనుటకు గుర్తులు. వెంటనే బిడ్డను తీసికొని కుక్కకు తొలగుటకు త్రోవ ఈయవలెను. గుఱ్ఱుమనుట కడపటి హెచ్చరిక. గుఱ్ఱుమన్నందులకు కొట్టరాదు. కొట్టినచో దాని కోపము పోదు, హెచ్చరించుట మాత్రము మానును. తరువాత చెప్పకయే కఱచును. రాజు గుఱ్ఱుమని మాకు ఉపకారమే చేసినది. ఆ సంగతి నేను చాల ఆలస్యముగ గ్రహించితిని.

ఒడిలోని బిడ్డకంటె పాకుబిడ్డవలన ప్రమాదము హెచ్చు. ఏడెనిమిది నెలలకు బిడ్డ కుక్కకడకు తానే పోవును. తోక పట్టును, చెవి లాగును, చిప్పలో చేయి పెట్టును. కావున కుక్కకు తిండి వేఱుచోట, తలుపు వేసి పెట్టవలెను. తినినపిమ్మట చిప్ప తీసివేయవలెను. గడపకు అడ్డముగ తడికయో పలకయో కట్టవలెను. బిడ్డ చేరలేని యొక మూల కుక్కకు ఉండవలెను. ఎంత సాధువైన కుక్కయైనను, ఎంత చిన్న పనియైనను, పెద్దవారు లేక ఆ యిద్దఱిని ఒక్కచోట విడువరాదు. పొయ్యిమీది పాలు పొంగునని లేచినను బిడ్డను చంకనెత్తుకొనియే లేవవలెను. ఇది మా యింట నేటికిని తప్పని కట్టుబాటు.

టీకాల మాట మఱువరాదు. టీకా మన సీమకు క్రొత్త గాదు. క్షయనుండి కాపాడు బీ.సీ.జీ. టీకాను మన దేశమున మొదట వేసినది 1948లో మన మదనపల్లెలోనే. బిడ్డకు టీకాలు వేయించు ఇల్లు కుక్కకును వేయింపవలెను. కూనకు మూడు నెలలు నిండగానే పిచ్చికుక్క రోగము రాకుండ టీకా వేయించి, పశువైద్యుడు చెప్పిన ప్రకారము మరల, ఆపైన ప్రతియేటను వేయింపవలెను. మూడు నెలల కొకసారి ఏలికపాములకు మందీయవలెను. ఏలయన ఆ పురుగుల గ్రుడ్లు మట్టిలోబడి పాకుబిడ్డ చేతులనుండి నోటికి పోవును. పిడుదులను ఏరి తీసివేయవలెను. ఇవన్నియు కాన్పునకు ముందే ముగించుట మంచిది.

పిచ్చికుక్క కాటునకు 1885 జూలై 6వ తేదీన ఫ్రాన్సులో లూయీ పాశ్చరు తొమ్మిదేండ్ల బాలునకు టీకా వేసి బ్రతికించెను. మన దేశమున 1900లో హిమాలయములలోని కసౌలియందును, 1907లో నీలగిరులలోని కూనూరునందును ఇందుకై పాశ్చరు సంస్థలు వెలసెను. నేడు ప్రభుత్వాసుపత్రులలో ఆ టీకా ఉచితముగ వేయుదురు. ఐనను ఈ రోగలక్షణములు ఒకసారి బయటపడినచో మరణము తప్పదనియే చెప్పవలెను. కావున కుక్కగాని పిల్లిగాని కఱచినను, గీరినను, పుండుమీద నాకినను ఆ చోటును వెంటనే సబ్బుతో, పాఱు నీటిలో 15 నిమిషములు కడుగవలెను. పసపు, సున్నము, కారము, కాఫీపొడి రాయరాదు. ఆ దినముననే ఆసుపత్రికి పోవలెను. సాధారణముగ మొదటి దినమున, అటుపై 3వ, 7వ, 28వ దినములందు టీకా వేయుదురు. నెత్తురు వచ్చిన గాయమునకు ఇమ్యూనోగ్లోబ్యులిన్ అను మందును గాయమునందే ఎక్కింతురు. పెంపుడు కుక్కయే గదా యని, చిన్నగీటే గదా యని ఆలస్యము చేయరాదు.

పిల్లి విషయము కొంత వేఱు. అది కఱచునను భయముకంటె, వెచ్చదనమును గోరి ఉయ్యాలలో బిడ్డ ప్రక్కన పండుకొనునను భయము హెచ్చు. తల త్రిప్పుకొనలేని శిశువునకు ఊపిరి సలుపదు. ఉయ్యాలకు గట్టి దోమతెర కట్టి, బిడ్డ నిద్రించు గది తలుపు మూయవలెను. గర్భిణులు పిల్లిపెంటను ముట్టరాదు. అందులో టాక్సోప్లాస్మా యను సూక్ష్మజీవి యుండవచ్చును. అది గర్భశిశువునకు హాని చేయును. ఆ జీవి పెంటలోబడిన ఒకటి మొదలు అయిదు దినములకు గాని అంటుకొను స్థితికి రాదు. కావున ఇంటివారిలో మఱియొకరు దినదినము ఎత్తివేసి చేతులు కడుగుకొనిన చాలును. పిల్లిని వెడలగొట్ట నక్కఱలేదు.

మన ప్రక్కనున్న పుంగనూరు పేరు మోసిన పొట్టియావులను నేడు పట్టణవాసులు కూడ ఇంటిలో ముద్దుగ పెంచుచున్నారు. సుమారు 70 మొదలు 90 సెంటీమీటర్ల యెత్తు గల ఆ యావు ఎంత సాధువైనను దూడ ఆటకు కుమ్మును. పాకుబిడ్డ దానికి అందుబాటులో నుండరాదు. పచ్చిపాలవలన మనుష్యులకు అంటు జబ్బులు కలవు గనుక తల్లియు బిడ్డలును కాచిన పాలనే త్రాగవలెను.

ఇన్ని చెప్పినను అన్ని కుక్కలును ఒక్కతీరువి గావు. పూర్వము మనిషిని కఱచిన కుక్కను, పిల్లలను చూచి ఒడలు బిగించు కుక్కను పశువైద్యునికి చూపక బిడ్డకడ ఉంచుట సాహసము. తప్పనిసరియైనచో పిల్లలులేని మంచి యింటికి, దాని గుణము దాచక చెప్పి యీయవలెను. త్రోవలో విడిచిపెట్టుట పాపము మాత్రమే గాదు. ఆకలిదప్పులకు లోనగునట్లు పెంపుడు జంతువును విడుచుట 1960 నాటి జంతుహింసా నివారణ చట్టము ప్రకారము నేరమును.

మా ఆడబిడ్డ బిడ్డను తీసికొని అత్తింటికి పోవు దినమున మణి ఆటోవెంట వీధిమలుపుదాక పోయి మరలెను. ఇప్పుడా పిల్ల మూడేండ్లది. పండుగకు వచ్చినప్పుడెల్ల చిప్పకు దూరముగ నిలిచి “మణీ, కూర్చో” యనును. అంత పెద్ద కుక్క ఆ చిన్ననోటి మాటకు కూర్చుండును. సంగటి పెట్టునది మా అత్తగారు. ఆ రాత్రి మొదలు ఆ పని ఆమె మఱియొకరికి ఈయలేదు.

మణిని చూచినప్పుడెల్ల రాజు తలపునకు వచ్చును. దానికి నేను చేయగలిగినదేమియు ఇప్పుడు లేదు. సోదరీమణులారా, మీ యింట పొత్తిగుడ్డలు చింపు దినముననే గడపకడనున్న ప్రాణినికూడ ఒకసారి తలచుకొనుడు. నేర్పుటకు రెండు నెలలు చాలును. నేర్పక శిక్షించినదానికి తరువాత పశ్చాత్తాపపడుటకు ఎన్నియేండ్లును చాలవు.